గుండు గేటు బయట

రోహిణి కార్తె

రోజూ ఎంత తవ్వాం, ఎంత కాల్చాం అన్నది రాసే పుస్తకం వేరే ఉంది. అది పట్నానికి పోతుంది. ఇది నాది. ఇందులో నా తల గురించి రాయదలచుకున్నాను. ఈ మధ్య నా తల మీద నాకన్నా పట్నానికే ఎక్కువ పట్టింపు వచ్చింది.

ఇవాళ కొండ కింది పాత చెత్తదిబ్బలో పని. పై మట్టి తీయగానే నీళ్ల సీసాలు, సంచులు, డ్రిప్పు పైపులు బయటపడ్డాయి. సగం తెల్లబూజు తినేసింది, సగం మిగిలింది. పట్టుకుంటే అప్పడంలా విరుగుతున్నాయి. మా అమ్మ చిన్నతనంలో, ప్లాస్టిక్ చెత్తను తినడానికే ఆ బూజును పుట్టించారట. ఊరూరా చల్లారట, జనం చప్పట్లు కొట్టారట. అది చెత్తతో ఆగలేదు. కరెంటు తీగల తొడుగులను తిన్నది, నీటి పైపులను తిన్నది, ఆసుపత్రుల్లో సెలైన్ గొట్టాలను తిన్నది. ఇప్పుడు ప్లాస్టిక్ మిగిలింది గోడ కట్టుకున్న పట్నంలోనే. ఆ గోడ చుట్టుపక్కల బూజుకు తిండి దొరక్కుండా నేలను తవ్వి, దొరికినదంతా బట్టీలో తగలబెట్టడం మా ముఠా పని. ఎండాకాలం బూడిద, వానాకాలం బురద. ఏ కాలంలోనైనా మురికే.

పని దిగాక తలగుడ్డలు విప్పాను. రెండు కడతాను. లోపలిది మెత్తటి పాత నూలు చీర ముక్క. జడలన్నిటినీ మడిచి అందులో మూట కడతాను. పైది ముతక గుడ్డ. బట్టీ దగ్గరికి పోయేటప్పుడు దాన్ని తడుపుతాను, నిప్పురవ్వ పడినా అంటుకోకుండా. ఇవాళ పై గుడ్డ బూడిదలో ముంచి తీసినట్టుంది. లోపలిది తెల్లగానే ఉంది. అయినా మెడ వెనక రెండు జడల్లో గడ్డి ముళ్లు దూరాయి. తల తడవకముందే వాటిని ఏరాలి, తడిస్తే ఉబ్బి లోపలికి పోయి కూర్చుంటాయి. చెవుల వెనక పిడుదులేమైనా పట్టాయేమోనని వేళ్లతో తడుముకున్నాను. లేవు. నూనె మాత్రం రాయను. రాస్తే అడవిలో ఉన్న దుమ్మంతా నా తలకే చుట్టం.

ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది నా జుట్టు జడలు కట్టింది. దువ్వెనలన్నీ పొడి అయిపోయాయి, అవీ ప్లాస్టిక్‌వే కదా. చెక్క దువ్వెన ఒకటి సంపాదించేలోపు జుట్టు తన దారి తాను చూసుకుంది. మొదట ఏడ్చాను. తర్వాత దాన్ని పాయలుగా విడదీశాను. ఒక పాయ కుదురు పక్క పాయ కుదురుతో కలిసిపోకుండా వేళ్లతో చీలుస్తూ, ఎండలో ఆరబెడుతూ, ఒక్కొక్కదాన్నీ పెంచాను. ఇప్పుడు నడుము దాటాయి. ఇవి నాకు పట్టినవి కావు, నేను చేసుకున్నవి.

సాయంత్రం అంబలి తాగుతుంటే మా మేస్త్రీ మద్దిలేటి మామ పక్కన వచ్చి కూర్చున్నాడు. పట్నం నుంచి కబురు తెచ్చాడు.

"ఈసారి పాసులు మార్చేటప్పుడు బయట పనిజేసేటోళ్లందరూ గుండు గీయించుకోవాలంట మేయ్. ఆడా మొగా అందరూ. ఎంటికల్లో బూజు దాక్కుంటాదంట."

"గీయించుకోకపోతే?"

"గేటు తెరవరు. ఆసుపత్రి లేదు, సంత లేదు, లోపలుండే మనోళ్లను చూసేది లేదు." ఆయన తలపాగా తీసి నెత్తి నిమురుకున్నాడు. "నాకు పోయేది నాలుగు ఎంటికలు. నీకే కష్టం."

"నేను గీయించుకోను మామా."

అనేశాక గానీ అది నిజమని నాకే తెలియలేదు.


మృగశిర కార్తె

ఆదివారం. రేడియో రోజు. ఇనప పెట్టెలో పెట్టిన సెట్టుకు మైనం పట్టించిన నూలుదారం చుట్టిన తీగలు. వంతుల వారీగా లోపలి వాళ్లతో మాట్లాడుకుంటాం. నా వంతు వచ్చేసరికి నా చెల్లెలు జమాలమ్మ గొంతు గరగరల మధ్య నుంచి వినిపించింది.

అమ్మ పోయాక జమాలును నేనే పెంచాను. పట్నంలో నీళ్ల పంపుల దగ్గర పనిచేసే సుంకన్నకిచ్చి పెళ్లి చేశాను. పోయినసారి దాని బిడ్డ కడుపులోనే పోయింది. వాగు పొంగి దారి తెగిపోవడంతో ఆ రోజు నేను ఇవతలే ఉండిపోయాను. ఇప్పుడు మళ్లీ నెలలు నిండుతున్నాయి. నువ్వు పక్కన ఉంటేనే కంటానక్కా అని మొదటి నెలలోనే నాతో మాట తీసుకుంది.

"అక్కా, గుండు సంగతి విన్నా. గీయించుకున్నావా?"

"లేదు."

"ఎప్పుడు గీయించుకుంటావు మరి?"

"గీయించుకోను జమాలూ."

చెవిని పెట్టెకు ఆనించాను.

"జుట్టు మళ్లీ వస్తాది గదక్కా."

"వస్తాది."

"మరి ఏంటికి ఈ పంతం? నీకు నాకంటే ఆ జడలే ఎక్కువైనాయా?"

"అవ్వ వాళ్లక్క సంగతి నీకు గుర్తుంది గదా..." అన్నాను.

"అది ఎప్పటి సంగతి! ఇప్పుడు కడుపుతో ఉండేది నేను." పెట్టె మూగబోయింది. వంతు అయిపోయిందో, జమాలే ఆపేసిందో తెలియదు.

ఎప్పటి సంగతో నేను రాస్తాను. మా అవ్వకు అక్క ఉండేది, నరసమ్మ. చిన్నపిల్లగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి మంచాన పడింది. లేచేసరికి జుట్టు జడలు కట్టింది. ఇంట్లో నూనె లేదు, దువ్వే తీరిక ఎవరికీ లేదు, అంతే. ఊళ్లో పెద్దమనుషులు వచ్చి చూసి, అమ్మవారు దిగిందన్నారు. పసుపు పూసి, బొట్టు పెట్టి, పిల్లను దేవతకు ఇచ్చేశారు. దేవతకు ఇచ్చిన పిల్లకు పెళ్లి లేదు, ఇల్లు లేదు. తలుపు తట్టినవాడిని కాదనే హక్కు లేదు. జుట్టు కత్తిరిస్తే పాపమన్నారు, దువ్వినా పాపమే. ముసలితనంలో ఆమె మా అవ్వను పిలిచి, ఇవి కోసెయ్యవే, మెడ నొప్పి పుడుతోంది అందట. అవ్వ కోసింది. అవ్వ నా తల దువ్వుతూ ఈ సంగతి చెప్పినప్పుడల్లా దువ్వెన ఆగిపోయేది.

అప్పుడు జడ కట్టిందని దైవం అన్నారు. ఇప్పుడు జడ కట్టిందని రోగం అంటున్నారు. ఆ తల ఎవరిదని అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు.


మృగశిర, వాన రాకముందు

పట్నం నుంచి డాక్టర్ వసుంధర తనిఖీకి వచ్చింది. గేటు పెత్తనమంతా ఆమెదే. తెల్లకోటు, నూలు తొడుగులు, తల మీద టోపీ. మంచి మనిషే. మౌలాలి చేతికి కాలిన పుండును తానే కడిగి కట్టు కట్టింది. మా ముఠాలో బట్టీ చూసుకునేది మౌలాలే.

బట్టీ లోపలికి చూడడానికి వంగినప్పుడు ఆమె టోపీ జారింది. దాని కింద నుంచి పొడవాటి వాలుజడ కిందికి వేలాడి, కొసన బూడిద అంటుకుంది. ఆమె గబుక్కున జడను పైకి చుట్టుకుంది. మా వాళ్లందరూ చూశారు. ఎవరూ మాట్లాడలేదు. నేను మాట్లాడాను.

"మేడం, లోపలికి పోయేటప్పుడు మీరు గుండు గీయించుకుంటారా?"

ఆమె నా తలగుడ్డ వైపు చూసింది. "మీరు హుస్సేనమ్మ కదూ. మీ గురించి చెప్పారు. లేదండీ, మాకు కడిగే గది ఉంది. వేడినీళ్లతో, సబ్బుతో తల స్నానం చేస్తాం. తర్వాత పరీక్ష."

"ఆ గదిలోనే నేనూ కడుక్కుంటా. ఆ పరీక్షే నాకూ చేయండి."

"నేను వచ్చేది ఒక్క పూటకు. మీరు నెలల తరబడి ఈ బూజులోనే ఉంటారు. రెండూ ఒకటి కాదు."

"బూజు ఉందో లేదో పరీక్ష చెప్తాది గదా మేడం. నెలలు ఎందుకు లెక్క?"

ఆమె తొడుగులు విప్పి మడిచింది. గొంతు తగ్గించి అన్నది: "పోయిన ఏడాది ఒక ఆపరేషన్ మధ్యలో ఊపిరి గొట్టం పొడి అయిపోయింది. నా చేతుల్లోనే. ఆ పేషెంటు బతకలేదు. మీకు కోపం వస్తే రానివ్వండి. నేను మాత్రం అది ఇంకోసారి చూడలేను."

ఆమె బాధ నిజమే. అయితే ఆ బూజు ఎవరి తల మీద లోపలికి పోయిందో ఆమెకూ తెలియదు.


ఆరుద్ర కార్తె

వాన పట్టుకుంది. దిబ్బ బురదగుంట అయింది. మోకాలి లోతు నల్లనీళ్లలో నిలబడి పైపులు లాగుతున్నాం. పై గుడ్డ, లోపలి గుడ్డ, జడలు, అన్నీ తడుస్తున్నాయి. ఎండ మొహం చూసి చాలా రోజులైంది.

ఇవాళ పొద్దున జడలు విప్పుతుంటే వాసన తగిలింది. తడి గోనెసంచిని మూలన పడేస్తే వచ్చే పులిసిన వాసన. ఒక్కొక్క జడనూ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. మెడ మీద, మధ్యలో ఉండే లావుపాటి జడ. అన్నిటికన్నా లావైనదీ అదే, అన్నిటికన్నా ఆలస్యంగా ఆరేదీ అదే. దాన్ని పిండితే వేళ్లకు జిగురు అంటింది.

బండ మీద కూర్చుండిపోయాను. పట్నం చెప్పింది నిజమేనా? నా చెల్లెలి కాన్పు గదిలోకి దీన్నేనా నేను మోసుకుపోబోయింది?

కొడవలి తెచ్చుకుని ఆ జడను కుదురు దాకా కోసేశాను. నడిమికి చీల్చి చూశాను. లోపల బూడిద తెలుపు. తెల్లబూజో, మామూలు బూజో కంటికి తెలియదు. బట్టీలో వేశాను. వెంట్రుకలు కాలిన వాసనకు మౌలాలి తల తిప్పి చూశాడు.

తర్వాత కుంకుడుకాయలు నలగ్గొట్టి నానబెట్టాను. వేపాకు మరిగించాను. మిగిలిన జడలన్నిటినీ కుదుళ్ల నుంచి కొసల దాకా పిసికి కడిగాను. నురగ నల్లగా వచ్చినంతసేపూ కడిగాను. ఆ తర్వాత పని ఆరబెట్టడం. ఒక్కో జడను పొడి గుడ్డలో చుట్టి మెలి తిప్పి పిండాను. బట్టీ వెనక గోడకు వీపు ఆనించి కూర్చుని, వేడి తగిలేలా తలను అటూ ఇటూ తిప్పుతూ ఉన్నాను. పైన ఆరితే చాలదు. జడ నడిమి దాకా ఆరాలి. వేళ్ల మధ్య నొక్కితే లోపల చల్లగా తగలకూడదు.

మద్దిలేటి మామ తొంగి చూశాడు. "జొన్నరొట్టెను కాల్చినట్టు కాల్చుకుంటాండావే తలకాయను!"

"ఒకటి చెడిపోయింది మామా. కోసేసినా."

ఆయన నవ్వు ఆగింది. "అయితే మిగతావి గూడా తీసేస్తే పోలేదా? వాళ్లతో పేచీ లేకుండా పోతాది."

"చెడిపోయింది గాబట్టి కోసినా. వాళ్లు చెప్పినారని కాదు."

ఇక నుంచి ఏ పూట తడిస్తే ఆ పూటే బట్టీ దగ్గర ఆరాలి. వాన వెలిశాక చూద్దాంలే అనుకోవడం నాదే పొరపాటు. అది నా తలకూ నాకూ మధ్య సంగతి.


పునర్వసు కార్తె, గేటు దగ్గర

పాసుల రోజు. ముఠా అంతా గేటుకు వచ్చాం. రెండు ఇనప తలుపులు, బయటిదానికి ఊచలు. బయటి తలుపుకూ లోపలి తలుపుకూ మధ్య కడిగే గది. బయటి తలుపు పక్కన రేకుల షెడ్డులో గుండ్లు గీస్తున్నారు. అందుకే దీన్ని గుండు గేటు అంటున్నారు జనం.

మా వాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెళ్లి తెల్లటి బోడి తలలతో బయటికి వచ్చారు. మౌలాలి గెడ్డం కూడా తీసేశారు. ఆ ముఖం చూస్తే నాకే కొత్త. మద్దిలేటి మామ నెత్తి మీద రూపాయంత పుట్టుమచ్చ ఉందని ఇంతకాలానికి తెలిసింది. "మా ఆవిడకు గూడా తెల్దు," అని నవ్వాడు గానీ చెయ్యి మాత్రం నెత్తి మీద నుంచి తీయలేదు.

నా వంతు వచ్చింది. నేను షెడ్డులోకి పోకుండా వసుంధర దగ్గరికి నడిచాను.

"పరీక్ష చేయండి మేడం. ప్రతి జడలో నుంచీ ముక్క తీసుకోండి. ఒకటి వానలకు చెడితే నేనే కోసి కాల్చేసినా. ఇంక దేంట్లోనైనా బూజు ఉంటే ఇక్కడే, మీ ముందరే గుండు గీయించుకుంటా. లేకపోతే కడిగే గదిలో కడుక్కుని లోపలికి పోతా."

చెడిపోయినదాని సంగతి నేను చెప్పాల్సిన పని లేదు. అది నా నోటి నుంచి విన్నాకే ఆమె పరీక్షకు ఒప్పుకుందేమో. ప్రతి జడ నడిమి నుంచీ చిన్న తుంపు తీసి గాజు గొట్టాల్లో వేసుకుంది. ఫలితం రావడానికి రెండు పొద్దులు పట్టింది. అంతవరకూ గోడ బయట రాతిబండ మీద ఉన్నాను.

ఆమే వచ్చి చెప్పింది. "ఏమీ లేదు. దేంట్లోనూ లేదు."

"అయితే తలుపు తీయండి."

"హుస్సేనమ్మా, మిమ్మల్ని ఒక్కరిని వదిలితే రేపు అందరూ అడుగుతారు."

"అడగనీయండి. అందరికీ పరీక్ష చేయండి."

"అంతమందికి చేసే సౌకర్యం లేదు. రూలు మార్చేది నేను కాదు. దయచేసి అర్థం చేసుకోండి. ఒక్క గంట పని. మళ్లీ పెరుగుతుంది."

"మీ జడ గూడా మళ్లీ పెరుగుతాది మేడం."

ఆమె ముఖం ఎర్రబడింది. లోపలికి వెళ్లిపోయింది. నేను బండ మీద మళ్లీ కూర్చున్నాను.


పునర్వసు, ఇంకా గేటు దగ్గరే

కొండ మీది గూడేల నుంచి పాలు, తేనె, చింతపండు అమ్మడానికి జనం గేటుకు వస్తారు. నన్ను చూసి ఇవాళ ఒక ముసలామె నా కాళ్ల దగ్గర కొబ్బరికాయ పెట్టి దండం పెట్టింది.

"నేను అమ్మవారిని కాదమ్మా. ఇది జుట్టు. తీసుకుపో."

"అట్ల అనాకు తల్లీ, కండ్లు పోతాయి," అని కొబ్బరికాయ అక్కడే వదిలి పోయింది. దాన్ని కొట్టి కాపలావాళ్లకు ఒక చిప్ప ఇచ్చాను, నేను ఒక చిప్ప తిన్నాను.

గోడ మీద నుంచి పట్నం కుర్రాళ్లు ముక్కులు మూసుకుని చూస్తారు. ఒకరు దండం, ఒకరు ముక్కు. నా తలకు ఈ రెండూ అక్కర్లేదు. ఎండ కాసిన పూట అందరూ చూస్తుండగానే కాలువ నీళ్లతో తల కడుక్కున్నాను. జడలు పిండి, విరబోసుకుని, ఎండకు వీపు పెట్టి కూర్చున్నాను. చూడనీ.

మధ్యాహ్నం నా మరిది సుంకన్న లోపలి నుంచి ఊచల దగ్గరికి వచ్చాడు. కళ్ల కింద నలుపు.

"వదినా, ఒక మాట చెప్తా, తప్పుగా అనుకోవద్దు. ఆమె సరిగ్గా తినడం ల్యా. పోయినసారి అయినట్టే అయితాదని బయపడతాంది. నీకు దండం పెడతా, గీయించుకో."

"పరీక్ష సంగతి దానికి చెప్పినావా? ఏమీ లేదని వచ్చిందని?"

"చెప్పినా."

"ఏమనింది?"

"అక్క ఇంకా ఆడనే ఉందా అని అడిగింది."

ఆయన పోయాక షెడ్డు వైపు చూశాను. షెడ్డు పది అడుగుల్లో ఉంది. లేచి నడిస్తే సాయంత్రానికి జమాలు పక్కన ఉంటాను. ఇది రాయకుండా దాచడం ఎందుకు, నేను లేచాను. షెడ్డు దాకా నడిచాను. గీసేవాడు కత్తి నీళ్లలో ముంచి, మర్యాదగా బల్ల తుడిచి, కూర్చోమన్నాడు.

అప్పుడే మద్దిలేటి మామ వచ్చాడు. దిబ్బ నుంచి నడిచి వచ్చినట్టున్నాడు, కాళ్లకు మోకాళ్ల దాకా బురద.

"యాడికి?"

"నా వల్ల కాదు మామా. అది ఒక్కతే ఉంది."

ఆయన తలపాగా తీశాడు. బోడితల మీద కొత్త వెంట్రుకలు ఇసుక చల్లినట్టున్నాయి. "నేను ఏంటికని అడక్కుండానే ఇచ్చినా నా తలను. ఏమయింది, నాలుగు ఎంటికలే గదా అనుకున్యా. ఆ దినం నుంచి అద్దంలో చూసుకోల్యా. ఎంటికల కోసం కాదు. ఆ మేడం జడ బూడిదలో పడింది మనమందరం చూసినాం, నేనొక్క మాట అనల్యా. నువ్వు గీయించుకుంటే తప్పు పట్టేటోడు ఎవడూ లేడు. కానీ ఏడుస్తా గీయించుకోవాకు. నిజంగా ఇష్టమైతేనే కూర్చో."

నేను బల్ల మీద కూర్చోలేదు.


పునర్వసు, వాన మధ్యాహ్నం

ఇక్కడ రాసేది జరిగి మూడు పొద్దులైంది. ఇప్పుడు చేతికి ఖాళీ దొరికింది.

సన్నగా జల్లు పడుతోంది. లోపలి తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది, వెంటనే జమాలు గొంతు. రేడియో గరగర లేకుండా దాని గొంతు విని ఎంతకాలమైందో.

"ఆసుపత్రికి పోను. అక్క ఉండేకాడికే పోతా. లోపలికి రావాలంటే గుండు గీయాలన్నారు, బయటికి పోవాలంటే ఏం గీయాలో చెప్పండి!"

ఊచల్లోంచి చూశాను. రెండు తలుపుల మధ్య కడిగే గదిలో, గోడ పట్టుకుని నిలబడి ఉంది నా చెల్లెలు. చీర తడిసింది. ఉమ్మనీరు పోయింది. వెనక సుంకన్న, అతని వెనక కాన్పు గది నర్సు సుగుణమ్మ రొప్పుతూ వస్తున్నారు.

"జమాలూ!" అన్నాను.

అది నన్ను చూసింది. నన్ను తిట్టబోయిందో ఏమో, నొప్పి వచ్చి నోరు మూతపడింది. రాతి నేల మీద అలాగే కూర్చుండిపోయింది.

"తలుపు తీయండి," అన్నాను. కాపలావాడు వసుంధర కోసం పరిగెత్తాడు. ఆమె వచ్చేసరికి జమాలు లేవలేని స్థితిలో ఉంది.

"వార్డుకు తీసుకుపోదాం, స్ట్రెచర్ తెప్పిస్తాను," అంది వసుంధర.

సుగుణమ్మ తల అడ్డంగా ఊపింది. "టైము లేదు మేడం. తల కిందికి దిగింది. అయినా ఇక్కడేం తక్కువ? నున్నటి రాయి, మరిగే నీళ్లు. ఇంత శుభ్రమైన గది మన ఆసుపత్రిలోనే లేదు."

జమాలు పళ్ల మధ్య నుంచి అంది. "అక్కను లోపలికి రానిస్తారా, లేకుంటే నేనే పాక్కుంటా పోయి వాన్లో కనాల్నా?"

వసుంధర నా వైపు చూసింది. కాపలావాడికి తల ఊపింది. బయటి తలుపు తెరుచుకుంది.

నేను నేరుగా చెల్లెలి దగ్గరికి పోలేదు. ముందు వేడినీళ్ల తొట్టి దగ్గరికి పోయి, మోచేతుల దాకా, మెడ దాకా సబ్బుతో కడుక్కున్నాను. జడలన్నిటినీ కడిగి, పిండి, సుగుణమ్మ ఇచ్చిన ఉడికించిన గుడ్డలో గట్టిగా కట్టుకున్నాను. పోయిన బిడ్డను నేను మరిచిపోలేదు. ఆ తర్వాతే జమాలు వెనక కూర్చుని దాని వీపును నా ఛాతీకి ఆనించుకున్నాను.

"వచ్చినావా," అంది.

"వచ్చినా."

"నీ పంతం తగలెయ్య."

"తర్వాత తగలేద్దువులే. ఇప్పుడు ముక్కు."

నొప్పి వచ్చినప్పుడు దాని చెయ్యి పట్టుకోవడానికి ఏదైనా కావాలని గాల్లో వెతికింది. నా చెయ్యి అందించేలోపు అది నా భుజం మీదుగా చెయ్యి వేసి తలగుడ్డను లాగేసింది. గుడ్డ జారింది. రెండు జడలు దాని పిడికిట్లోకి వచ్చాయి. అంతే, వాటిని పట్టుకుని ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగింది. నా తల వెనక్కి విరిగినంత పనైంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. జడలు మాత్రం తెగలేదు, దాని పట్టు జారలేదు.

"పట్టుకో," అన్నాను. "ఎంత కావాలో అంత లాగు."

బిడ్డ తల వచ్చింది. భుజం ఇరుక్కుంది. సుగుణమ్మ ముఖం మారింది. "మేడం!" అంది. వసుంధర కోటు విసిరేసి, తొడుగులు లేని చేతులు వేడినీళ్లలో ముంచి వచ్చి మోకాళ్ల మీద కూలబడింది. ఆమె టోపీ ఎప్పుడో పడిపోయింది. వాలుజడ ముందుకు జారి నా జడల మీద పడింది. ఆమె ఎటూ చూడలేదు. "కాళ్లు పైకి పట్టండి. హుస్సేనమ్మా, గట్టిగా. ఇంకా. జమాలమ్మా, ఇప్పుడు ముక్కొద్దు... ఆగండి... ఇప్పుడు!"

బిడ్డ బయటికి జారింది. నీలంగా ఉంది. వసుంధర బిడ్డను బోర్లించి వీపు రుద్దింది. ఒకసారి, ఇంకోసారి. మూడోసారి ఆ ముద్ద ముఖం చిట్లించి, మా అందరి మీదా కోపం వచ్చినట్టు ఏడ్చింది.

ఆడపిల్ల. నెత్తి నిండా నల్లటి తడి జుట్టు.

సుంకన్న గోడకు తల ఆనించి ఏడ్చాడు. జమాలు నా జడలు వదలలేదు. వేళ్లు విప్పుకోవడానికి దానికి చాలాసేపు పట్టింది.

అంతా సర్దుకున్నాక సుగుణమ్మ నెమ్మదిగా అడిగింది. "మేడం, ఇప్పుడు మనం లోపలికెట్లా పోవాలి? రూలు ప్రకారం బయటి మనిషిని ముట్టుకున్నోళ్లందరికీ..." ఆమె మాట పూర్తి చేయలేదు. బాలింత తల చూసింది. బిడ్డ తల చూసింది. వసుంధర భుజం మీది తడి జడను చూసింది.

నేను జమాలు నుదుటి చెమట తుడిచాను.

వసుంధర తన జడ కొసను చేతిలోకి తీసుకుని చూసుకుంది. దానికి నెత్తురు అంటి ఉంది. తర్వాత లేచి బయటి షెడ్డుకు వెళ్లింది. షెడ్డులో ఉన్నవాడికి, ఈ పూటకు కత్తి కట్టిపెట్టి ఇంటికి పొమ్మని చెప్పింది. లోపలికి వచ్చి సబ్బు అందరికీ పంచింది. "కడుక్కుందాం. అందరం. తర్వాత అందరికీ పరీక్ష చేస్తాను, నాతో మొదలుపెట్టి. ఫలితం వచ్చేదాకా ఎవరం ఈ గది దాటం."

ఫలితం వచ్చింది. దాటాం. నేను నా జడలతో, నా కాళ్ల మీద లోపలి తలుపు దాటాను.


ఆశ్లేష కార్తె

జమాలుకు పురుడు పోసే దాకా లోపలే ఉన్నాను. బిడ్డకు నరసమ్మ అని పేరు పెట్టింది. నేను అడగలేదు, అదే పెట్టింది. "ఈసారి నరసమ్మను ఎవరికీ ఇయ్యం," అంది.

వసుంధరను గేటు నుంచి తీసేశారు. వెళ్లేముందు ఆమె నాకు కబురు చేసింది, కడిగే గది చాలని తాను పెద్దవాళ్లకు రాసిందనీ, వాళ్లు ఇంకా ఏమీ చెప్పలేదనీ. ఆమె స్థానంలో కొత్త అధికారి వచ్చాడు. షెడ్డు మళ్లీ తెరిచారు.

దిబ్బ మీద పనికి తిరిగి వచ్చాను. వచ్చిన రోజు మౌలాలి నా దగ్గరికి వచ్చి, గెడ్డం మళ్లీ పెంచుతున్నాననీ, బట్టీ పొగకు దాన్ని ఎట్లా చూసుకోవాలనీ అడిగాడు. కడగడం, ఆరబెట్టడం చెప్పాను. మరుసటి పూట ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు.

ఇవాళ మళ్లీ పాసులు మార్చే రోజు. ముఠా అంతా గేటుకు వచ్చాం. మిగతా వాళ్ల తలల మీద గోరంత జుట్టు. కొత్త అధికారి షెడ్డు వైపు చెయ్యి చూపించాడు.

"పరీక్ష చేయండి సార్," అన్నాడు మద్దిలేటి మామ, నేను నోరు తెరవకముందే. "బూజు ఉన్నోడి తల గీయండి. లేనోడికి తలుపు తీయండి."

"అట్లా కుదరదు."

"అయితే కూర్చుంటాం."

ఆయన బండ మీద కూర్చున్నాడు. ఆయన పక్కన మౌలాలి. వాళ్ల పక్కన ముఠాలో మిగిలిన వాళ్లు. తేనె తెచ్చిన గూడెం ఆడవాళ్లు ఇద్దరు, ఏమిటో కనుక్కుని, వాళ్లూ కూర్చున్నారు.

అధికారి ఒకసారి వాచీ చూసుకున్నాడు, ఒకసారి మబ్బు చూశాడు. "ఎంతసేపని కూర్చుంటారు?"

మౌలాలి లేచి మూడు రాళ్లు ఏరుకొచ్చి, గేటుకు ఎదురుగా పొయ్యి పెట్టాడు. నేను జొన్నపిండి మూట విప్పాను.